రాస్ దీవిలో పెద్దదొర బంగళా

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లు ఎలా పోతుందో చూడమని మాత్రం ఎవరూ చెప్పలేదు నాయనా. దానికి చాలా ఓపిక కావాలి. ఇల్లు ఒక్కరోజులో పోదు. ముందు మనుషులు పోతారు. తర్వాత తలుపులూ కిటికీలూ పోతాయి. ఆపైన కప్పు, ఆ తర్వాత గోడలు. అన్నీ పోయాక, అది ఎవరి ఇల్లో చెప్పేవాళ్ళు కూడా పోతారు. మన పోర్ట్‌బ్లేరులో అబర్దీన్ జెట్టీ మీద నిలబడితే ఎదురుగా, చెయ్యి చాస్తే అందేటంత దగ్గరగా కనిపిస్తుందే రాస్ దీవి, దాని మీద అలా పోయిన ఇల్లొకటుంది. చీఫ్ కమిషనర్ బంగళా. ఈ అండమాన్ల మొత్తానికి పెద్దదొర కాపురం చేసిన ఇల్లు. దాని సంగతి చెబుతాను, ముందు ఆ ఫోను పక్కన పెట్టు. పెట్టావా? మధ్యలో నేను అటూ ఇటూ పోతుంటాను, కంగారు పడకు. మళ్ళీ నేనే దారిలోకి వస్తాను.

మీ తరానికి అది నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. 2018 డిసెంబరులో ఆ పేరు పెట్టారు. 2024లో పోర్ట్‌బ్లేరు కూడా శ్రీవిజయపురం అయింది. మంచి పేర్లే, కాదనను. కానీ నా నోటికి పాతవే వస్తాయి, ఈ ఒక్క రాత్రికి ఓర్చుకో. రాస్ అంటే డేనియల్ రాస్, సముద్రాల లోతులు కొలిచి పటాలు గీసిన దొర. దీవి కూడా పెద్దదేం కాదు. ఒక కొస నుంచి ఇంకో కొసకి కిళ్ళీ నమిలేలోపు నడిచిపోవచ్చు. అంత చిన్న చెక్క మీద కూర్చుని ఎనభై ఏళ్ళకు పైగా ఈ దీవులన్నిటినీ ఏలారు.

అసలు తెల్లవాళ్ళు ముందు దిగింది అక్కడ కాదు. 1789లో ఆర్చిబాల్డ్ బ్లేర్ అనే ఆయన చాతమ్ దీవిలో ఓ చిన్న వలస పెట్టాడు. తర్వాత దాన్ని ఉత్తరానికి మార్చారు, జ్వరాలు పట్టి మనుషులు పిట్టల్లా రాలిపోతుంటే 1796లో మూటాముల్లె కట్టుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ అరవై ఏళ్ళ దాకా ఇటు మొహం చూడలేదు. 1857లో దేశం తిరగబడ్డాక, ఉరి తియ్యగా మిగిలినవాళ్ళని ఎక్కడ దాచాలో కుంఫిణీ వాళ్ళకి పాలుపోలేదు. అప్పుడు గుర్తొచ్చాయి అండమాన్లు. మౌట్ అనే డాక్టరుని పంపి చోటు చూసి రమ్మన్నారు. 1858 జనవరి 22న కెప్టెన్ మాన్ వచ్చి జెండా పాతాడు. మార్చి 10న డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలని వెంటబెట్టుకుని దిగాడు. ఈ వాకర్ అంతకుముందు ఆగ్రాలో జైలు చూసినవాడు. చాతమ్‌లో దిగితే తాగడానికి నీళ్ళు చాలలేదు. అందుకని రాస్‌కి మారారు. నీళ్ళ కోసం మారిన చోటు రాజధాని అయి కూర్చుంది.

అడవి నరికింది ఎవరనుకున్నావు? ఆ ఖైదీలే. మనిషికి రోజుకు అణా తొమ్మిది పైలు ఇచ్చి, తిండీ బట్టా అందులోనే చూసుకొమ్మనేవారట. అణా తొమ్మిది పైలంటే అణా ముప్పావు. రూపాయికి పదహారణాలని మీ తాతమ్మ నీకు ఎప్పుడైనా చెప్పిందో లేదో. నెలంతా కలిపినా మూడు రూపాయల నాలుగణాల చిల్లర. దాంతో బియ్యం కొనుక్కోవాలి, ఉప్పు కొనుక్కోవాలి, చినిగిన గుడ్డకి బదులు గుడ్డ కొనుక్కోవాలి. తట్టుకోలేక కొందరు పారిపోయారు. చుట్టూ సముద్రం, లోపల అడవి, ఎక్కడికని పారిపోతారు? దొరికినవాళ్ళలో ఎనభై మందికి పైగా ఒక్కసారిగా ఉరి తీయించాడు వాకర్. పైవాళ్ళు మందలించారంటారు. మందలిస్తే ఏం లాభం, పోయినవాళ్ళు పోయారు.

ఇక్కడ ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోతే నాకు నిద్ర పట్టదు. ఆ అడవి ఎవరిది? అంతకుముందు వేల ఏళ్ళుగా ఇక్కడున్న అండమానీలది. 1859లో వాళ్ళు విల్లంబులతో అబర్దీన్ మీదికి వచ్చి పోరాడారు, తుపాకుల ముందు నిలబడలేకపోయారు. 1863లో ఇదే రాస్ దీవి మీద వాళ్ళ కోసమని ‘అండమాన్ హోమ్’ ఒకటి పెట్టారు. నాగరికత నేర్పుతామన్నారు. నేర్పారో లేదో గానీ జబ్బులు మాత్రం అంటించారు. 1877లో తట్టు వచ్చి ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. గ్రేట్ అండమానీలని మనం పిలిచే ఆ జనం వేలల్లో ఉండేవారు. 1961 జనాభా లెక్కల్లో 19 మంది మిగిలారు. రాస్ మీద పోయిన ఇళ్ళ లెక్క వాళ్ళతోనే మొదలెట్టాలి నాయనా. వాళ్ళ గుడిసెలకి పునాదులు కూడా ఉండవు, చూపించడానికి.

సరే, బంగళా దగ్గరికి వద్దాం.

అది ఒక్క దొర ఒక్కసారి కట్టించింది కాదు. మొదట్లో ఇక్కడి పెద్ద అధికారిని సూపరింటెండెంట్ అనేవారు. 1872లో ఆ పదవికి చీఫ్ కమిషనర్ అని పేరు మారింది. పదవి పెరిగితే ఇల్లు పెరగదూ? దీవికి ఉత్తరం వైపు గుట్ట మీద, గాలికి ఎదురుగా, నిటారు కప్పులతో, వెడల్పాటి వరండాలతో లేచింది. లోపల పెద్ద హాలు, దొరలూ దొరసానులూ నాట్యం చేసుకోవడానికి. కొయ్యపనికి కొదవేముంది, చుట్టూ అడవే కదా. ఎర్రటి పడాక్, గర్జన్, పైగా బర్మా నుంచి వచ్చిన టేకు. 1883లో చాతమ్‌లో కోతమిల్లు పెట్టాక చెక్కకి లోటే లేదు. బర్మా నుంచి వచ్చిన ఖైదీల్లో నగిషీ పని తెలిసినవాళ్ళు ఉండేవారు, వాళ్ళ చేత ఇంటి లోపలంతా చెక్కించారని చెప్పుకునేవారు. ఇటుకలు డండాస్ పాయింట్ బట్టీల్లో కాలేవి. సున్నానికి పగడపు రాయి. సముద్రంలోంచి పగడపు దిబ్బలు తవ్వి తెచ్చి కాల్చి సున్నం చేసేవారు. మెడకి ఇనపకడియం, దానికి వేలాడే కొయ్యబిళ్ళ, దాని మీద నంబరూ శిక్షా. అలాంటి మెడలు వంగి మోసిన ఇటుకలవి. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఇక్కడ చెమటొకడిది.

నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో పనుల దగ్గర మస్టర్ రోలు రాసేవాణ్ణి. ఎవడు పనికి వచ్చాడు, ఎవడు రాలేదు, ఎవడికి ఎంత రోజుకూలి, అదీ నా పని. మన శ్రీకాకుళం కూలీలు, బెంగాలీలు, రాంచీ వాళ్ళు, అరవవాళ్ళు, అందరి పేర్లూ నా చేత్తో రాశాను. అందుకేనేమో, ఏ పాత గోడ చూసినా దాని మస్టర్ రోలు ఎక్కడుందా అనిపిస్తుంది నాకు. రాస్ బంగళా కట్టినవాళ్ళలో మనవాళ్ళూ ఉండి ఉంటారు. 1879లో రంప మన్యంలో పితూరీ లేచింది. మన్సబుదారు జులుం, కల్లు మీద పన్ను, మన కొండవాళ్ళు ఓర్చుకోలేకపోయారు. అది అణిగాక పట్టుబడ్డవాళ్ళలో చాలామందిని అండమాన్లకి పంపించారు. గోదావరి ఒడ్డున పుట్టి, సముద్రమంటే ఏమిటో తెలియని మనుషులు. వాళ్ళలో ఎందరు రాస్ గుట్ట మీదికి సున్నం తట్టలు మోశారో ఎవరూ రాసిపెట్టలేదు. దొరల పేర్లు మాత్రం వరసగా ఉన్నాయి, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా అని కూడా ఉంది.

ఆ దీవి వైభోగం వినాలి నువ్వు. చర్చి ఒకటి, కిటికీలకి ఇటలీ నుంచి తెచ్చిన రంగుటద్దాలు. రొట్టెల బట్టీ. అచ్చాఫీసు. సోడా తయారుచేసే కార్ఖానా. ఈతకొలను, టెన్నిస్ ఆట, దొరలకో క్లబ్బు, చిన్నదొరలకి విడిగా ఇంకో క్లబ్బు. దీవి ఎంతని రెండు క్లబ్బులు? అయినా చిన్నదొర పెద్దదొర పక్కన కుర్చీ వేసుకోకూడదు. మర్యాద అటువంటిది. ఫర్జంద్ అలీ దుకాణం ఒకటి ఉండేది, దాని గోడలు ఇప్పటికీ చూపిస్తారు. తూర్పుదేశపు పారిస్ అని కూడా దానికో బిరుదు తగిలించారు. పారిస్ వాళ్ళు వింటే ఏమనుకునేవారో! మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడ రాకపోతే మైదాపిండికి కూడా గతి లేని పారిస్ అది.

ఓడ అంటే గుర్తొచ్చింది. నేను వచ్చిన రోజుల్లో కూడా అంతే. మద్రాసు నుంచి ఓడెక్కితే, వాంతులు చేసుకున్నవాడు చేసుకోగా మిగిలినవాళ్ళు పేకాడుకుంటూ వచ్చేవాళ్ళం. ఓడొచ్చిన రోజు ఊరికి పండగ. ఉల్లిపాయలు, చింతపండు, ఉత్తరాలు, పేపర్లు అన్నీ ఆ ఓడలోనే. పేపర్లు కట్టలుగా వచ్చేవి. మా గదిలో ఒక పెద్దాయన ఉండేవాడు, కట్ట మొత్తం ఒక్కసారి విప్పేవాడు కాదు. తారీఖుల వారీగా పేర్చుకుని రోజుకొకటి, పొద్దున్నే టీ తాగుతూ చదివేవాడు. పదిహేను రోజుల నాటి వార్త చదివి ఇవాళ జరిగినట్టు కోప్పడేవాడు. అబర్దీన్ బజారులో టీ పది పైసలు. ఘంటాఘర్ దగ్గర నిలబడి తాగితే ఊరివాళ్ళంతా కనబడేవారు. చింతపండు మాత్రం కొబ్బరికాయ కంటే ప్రియం. పులుసు పెట్టిన ఇంట్లో పెళ్ళి జరుగుతున్నంత హడావుడి. నవ్వకు, నువ్వు ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాడివి, నీకేం తెలుస్తుంది.

ఎక్కడున్నాం? వైభోగం. ఆ బంగళాలో వంటవాడు ఖైదీ. నీళ్ళు మోసేవాడు ఖైదీ. పంకా లాగేవాడు ఖైదీ. పిల్లలని ఎత్తుకుని తిప్పేవాళ్ళూ ఖైదీలే. అందులో చాలామంది ఖూనీ కేసుల మీద వచ్చినవాళ్ళు. దొంగతనం చేసినవాణ్ణి ఇంట్లోకి రానిచ్చేవారు కాదట గానీ, కోపంలో ఖూనీ చేసినవాడు నమ్మకస్థుడని దొరసానుల లెక్క. నిజానికి ఆ లెక్క తప్పు కూడా కాదు. చాలామంది పిల్లలు ఆ చేతుల్లోనే చల్లగా పెరిగి సీమకి వెళ్ళారు. మనిషికి మనిషి మీద నమ్మకం ఎక్కడ పుడుతుందో చెప్పలేం.

కానీ ఒకసారి ఆ నమ్మకం తప్పింది. షేర్ అలీ అని పెషావరు వైపు పఠాను. అక్కడ తెల్లదొరల దగ్గరే కొలువు చేసినవాడు. కుటుంబ కక్షతో ఒకణ్ణి చంపాడని ముందు ఉరిశిక్ష వేసి, తర్వాత యావజ్జీవంగా మార్చి ఇక్కడికి పంపారు. ఇక్కడ బుద్ధిగా ఉన్నాడని మంగలిపని చేసుకోనిచ్చారు. అంటే రోజూ మెడల మీద కత్తి పెట్టే పని. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో చూసిపోదామని వచ్చాడు. పగలంతా దీవులు తిరిగాడు. చుట్టూ బలగం. పొద్దుగూకేవేళకి మౌంట్ హారియట్ ఎక్కి సూర్యాస్తమయం చూస్తానన్నాడు. చూశాడు. చీకట్లో దివిటీల వెలుగులో హోప్‌టౌన్ జెట్టీ దగ్గరికి దిగుతుంటే షేర్ అలీ వెనక నుంచి దూకి రెండు పోట్లు పొడిచాడు. భార్య ఓడ మీద భోజనానికి ఎదురుచూస్తోంది. మార్చి 11న వైపర్ దీవిలో షేర్ అలీని ఉరి తీశారు. హిందూదేశంలో హత్యకు గురైన వైస్రాయి ఆయనొక్కడే. ఇంత జరిగినా దొరల ఇళ్ళల్లో ఖైదీ నౌకర్లు పోలేదు సుమా. వాళ్ళు లేకపోతే పొద్దున కాఫీ ఎవరు పెడతారు?

ఆ బంగళా వరండాలోంచి చూస్తే నీళ్ళకి ఆవల సెల్యులార్ జైలు కనబడేది. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు. ఏడు రెక్కలు, మధ్యలో బురుజు, దాదాపు 700 ఒంటరి కొట్లు. దాన్ని కట్టిందీ ఖైదీలే, తమ కోసం తామే. ఇటు నాట్యాల హాలు, అటు ఒంటరి కొట్లు, మధ్యలో పడవలో కాసేపటి ప్రయాణం. ఈ రెండు కట్టడాలూ ఒక్క జంటగా తలుచుకోవాలి నువ్వు. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

1941 జూన్ 26న పెద్ద భూకంపం వచ్చింది. జైలు బురుజు కూలింది, రాస్ మీద కట్టడాలు బీటలు వారాయి. కచేరీలన్నీ రాస్ నుంచి పోర్ట్‌బ్లేరుకి తరలడం మొదలెట్టాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు, తొమ్మిది నెలలు తిరగకుండా జపాను వాడు వచ్చాడు. 1942 మార్చిలో రంగూన్ పడిపోయింది. దళాలనీ, కుటుంబాలనీ ఓడలెక్కించేశారు. చీఫ్ కమిషనర్ వాటర్‌ఫాల్ మాత్రం ఉండిపోయాడు. మార్చి 23న జపాను సైన్యం దిగింది, ఆయన్ని పట్టుకుపోయింది. ఆయన కింద పనిచేసిన బర్డ్ అనే దొరని నడిబజారులో తల నరికారు. ఓడలు బళ్ళు కావడమంటే ఇదే నాయనా. మొన్నటి దాకా ఆ గుట్ట మీద నిలబడి లోకాన్ని కిందికి చూసినవాళ్ళు.

బంగళా ఇంకా నిలబడే ఉంది. దానికొక రాత్రి రావలసి ఉంది. 1943 డిసెంబరు 29న సుభాష్ చంద్రబోసు విమానంలో పోర్ట్‌బ్లేరులో దిగాడు. ఆయనకి బస రాస్ మీద ఆ ఇంట్లోనే. మరునాడు జింఖానా మైదానంలో మూడు రంగుల జెండా ఎత్తాడు. అండమాన్లకి షహీద్ అనీ, నికోబార్లకి స్వరాజ్ అనీ పేర్లు పెట్టాడు. ఖైదీలు మోసిన ఇటుకల ఇంట్లో, మన జెండా ఎత్తినవాడి బస. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది నాకు.

కానీ ఆ రోజుల కథ సగం చెప్పి ఆపకూడదు. ఆయన అక్కడ నిద్రపోయిన రాత్రే, నీళ్ళకి ఇవతల జైల్లో డాక్టర్ దీవాన్ సింగ్ చిత్రహింసలు పడుతున్నాడు. ఇక్కడి ఇండిపెండెన్స్ లీగుకి ఆయనే పెద్ద, పంజాబీలో కవిత్వం రాసినవాడు. జపాను వాళ్ళకి ఆయన మీద అనుమానం. సుభాష్ చుట్టూ జపాను అధికారులే. ఊరివాళ్ళు చెప్పుకోవలసింది ఆయన చెవిన పడే వీలు ఇవ్వలేదు. 1944 జనవరి 14న దీవాన్ సింగ్ ఆ దెబ్బలకే చనిపోయాడు. ఆ కాలంలో ఈ ఊళ్ళో ఉన్న లోకల్ ముసలివాళ్ళు, అంటే ఖైదీల సంతతివాళ్ళు, జెండా సంగతి చెప్పి వెలిగిపోయేవారు. వెంటనే దీవాన్ సింగ్ పేరు చెప్పి మాట ఆపేసేవారు. నేను రెండూ విన్నాను, నీకు రెండూ చెబుతున్నాను.

యుద్ధం రోజుల్లో రాస్ మీద జపాను వాళ్ళు బంకర్లు కట్టారు. కొత్త ఇటుక ఎవడు కాలుస్తాడు? పాత ఇళ్ళు ఉన్నాయి కదా. ఇనుము, చెక్క, రాయి, ఏది పనికొస్తే అది పీకారు. 1945 అక్టోబరు 9న జింఖానా మైదానంలోనే వాళ్ళు లొంగిపోయారు. ఇంగ్లీషువాళ్ళు తిరిగి వచ్చారు గానీ రాస్‌కి కాపురానికి రాలేదు. ఖైదీల వలస ఎత్తేశారు. ఖైదీలు లేనిదే ఆ బంగళాని నడిపేదెవరు? నీళ్ళు మోసేవాడు లేడు, పంకా లాగేవాడు లేడు, ఏటా కప్పు సర్దేవాడు లేడు. ఆ ఇల్లు నిలిచిందే వాళ్ళ మీద. వాళ్ళు కదిలారు, ఇల్లు ఒరిగింది.

ఇల్లు ఎలా పోతుందో చెబుతానన్నానుగా, విను. ఇక్కడ మేలో మొదలైన వాన డిసెంబరు దాకా పడుతుంది. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన. కప్పు పోయిందంటే నీళ్ళు గోడ నెత్తిన దిగుతాయి. పగడపు సున్నం నానిపోతుంది. పక్షులు తిన్న మర్రిపళ్ళ గింజలు గోడ మీద పడతాయి. మొలక లేస్తుంది. దాని వేరు సందు వెతుక్కుంటూ ఇటుకల మధ్య నుంచి నేల దాకా దిగుతుంది. పదేళ్ళకి అది గోడని చీలుస్తుంది. ఇరవై ఏళ్ళకి అదే గోడని కావలించుకుని నిలబెడుతుంది. అప్పుడు చెట్టు కొట్టేస్తే గోడ పడుతుంది, ఉంచితే గోడ నలుగుతుంది. రాస్ మీద ఇవాళ నిలిచిన గోడల్లో చాలావాటిని ఊడలే పట్టుకున్నాయి. పర్యాటకులు వాటి ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటారు. బాగుంటాయి కూడా, కాదనను. మేస్త్రీ కంటితో చూస్తే మాత్రం అది ప్రాణం కొట్టుమిట్టాడుతున్న గోడ.

మిగిలినవి మనుషులే తీసుకుపోయారు. యుద్ధం తర్వాత ఊళ్ళో ఏమీ దొరికేది కాదు. ఫలానా ఇంటి దూలం రాస్‌దని, ఫలానా గుమ్మం రాస్‌దని నేను వచ్చిన రోజుల్లో చెప్పుకునేవారు. నేను వాళ్ళని తప్పు పట్టను. తాతల చేత మోయించిన చెక్కని మనవలు ఇంటికి తెచ్చుకున్నారు, అంతే.

ఇప్పుడు జంటగా తలుచుకోమన్నానే, ఆ సంగతి. జైలుకీ ఇదే గతి పట్టబోయింది. ఏడు రెక్కల్లో నాలుగు పోయాయి. ఆవరణలో 1963లో ఆస్పత్రి వచ్చింది. మిగిలినవీ పోయేవే. అప్పుడు ఆ జైల్లో మగ్గిన రాజకీయ ఖైదీలు, జుట్టు నెరిసినవాళ్ళు, దేశం నలుమూలల నుంచి లేచారు. ఇది మా జైలు, ముట్టుకోవద్దన్నారు. ఏళ్ళ తరబడి ఢిల్లీ చుట్టూ తిరిగారు. 1979 ఫిబ్రవరి 11న ప్రధాని మొరార్జీ దేశాయ్ వచ్చి దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించాడు. మూడు రెక్కలు నిలిచాయి. మన అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాను శిక్ష పడ్డవాడే. ఆయన ప్రాణాలతో తిరిగొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. ఖైదీలకి వెనక మనుషులున్నారు. ఆ జైలు మాదని చెప్పుకోవడానికి సిగ్గుపడనివాళ్ళు. బంగళాకి అలాంటివాళ్ళు ఎవరు? అందులో కాపురమున్న దొరలు పదవి అయిపోగానే ఓడెక్కారు. ఎవడూ వెనక్కి తిరిగి చూసి ఇది నా ఇల్లు అనలేదు. అనడానికి వాళ్ళు కట్టింది కాదు కదా.

సింగపూరు వెళితే ఇస్తానా అని ఒక భవనం చూపిస్తారు. 1867 నుంచి 1869 దాకా కట్టారు, అక్కడి గవర్నరు దొర కోసం. కట్టింది మన దేశపు ఖైదీలే. 1873లో అక్కడ మిగిలిన ఖైదీలని ఇక్కడికే తెచ్చారు. ఆ భవనం ఇవాళ్టికీ తెల్లగా మెరుస్తూ ఉంది, ఆ దేశాధ్యక్షుడి అధికార నివాసం అదే. అదే చేతులు, అదే కాలం, అదే దొరతనం. ఒకటి నిలిచింది, ఒకటి పోయింది. అక్కడ దొర వెళ్ళిన మరునాడు ఇంకొకరు వచ్చి దీపం పెట్టారు. ఇక్కడ ఎవరూ పెట్టలేదు.

రాస్‌ని 1979లో నేవీ వాళ్ళకి అప్పగించారు. వాళ్ళు అడవి కొంత తీసి, దారులు వేసి, స్మృతిక అని చిన్న మ్యూజియం పెట్టారు. 2004 సునామీ అలని ఆ దీవి కొంత తన మీద కాచుకుని ఊరికి దెబ్బ తగ్గించిందంటారు. దుప్పులూ నెమళ్ళూ తిరుగుతుంటాయి. వాటికి బిస్కెట్లు పెట్టకు, నీలాంటివాళ్ళు పెట్టిపెట్టే అవి మనుషుల వెంట పడుతున్నాయి. బంగళా దగ్గర బోర్డు ఉంది, చీఫ్ కమిషనర్ గృహమని. ఆ బోర్డు మీద ఇంకో రెండు వాక్యాలు రాయమని నేను కనబడిన ప్రతి అధికారినీ అడుగుతూనే ఉన్నాను. ఈ ఇల్లు ఖైదీలు కట్టారు, డండాస్ పాయింట్ ఇటుకలతో, పగడపు సున్నంతో, రోజుకింత అని లెక్క కట్టిన కూలికి. పేర్లు దొరకవు, నాకు తెలుసు. పని పేరైనా రాయండి అంటాను. సరే చూద్దాం తాతగారూ అంటారు. చూస్తారు లే. వీళ్ళు కాకపోతే తర్వాతివాళ్ళు. నేను లేకపోయినా నువ్వు అడుగు.

రేపు వెళ్ళాలనుకుంటున్నావు కదా. గుట్ట ఎక్కాక ఊడల ఫోటో ఎలాగూ తీసుకుంటావు. అయ్యాక ఒక్క నిమిషం వంగి, గోడ విరిగినచోట సున్నం చూడు. తెల్లటి పలుకులు కనబడతాయి, అవి పగడం. సముద్రంలో మొలలోతు నీళ్ళలో నిలబడి తవ్వి తెచ్చినవి. గోటితో గీకకు, చూసి వచ్చెయ్. టికెట్ జెట్టీ దగ్గరే ఇస్తారు. రేపు ఏ వారం? బుధవారమైతే ఆగు, ఆ రోజు దీవి మూసేస్తారు. గురువారం పొద్దున్నే మొదటి పడవకి వెళ్ళు, ఎండ ఎక్కకముందే గుట్ట మీదికి చేరుకుంటావు.